ప్యాటర్న్ స్టైల్స్ ఉన్నాయని ప్రూఫ్ చూడటం మానేస్తే ఎలా?

సంపాదకుడు గారికి నమస్కారం,

పాఠ్యపుస్తకాలు, ప్రశ్నపత్రాలు, మందుల డబ్బాల్లో పెట్టే కాగితాలు, జనం నమ్మి చదివే ఇలాంటివాటి గురించే ఈ ఉత్తరం. పేజీలు చేసే ఇన్‌డిజైన్ అనే సాఫ్ట్‌వేర్‌లో గ్రెప్ స్టైల్ అని ఒకటుంది, 2008లో సీఎస్4 వెర్షన్‌తో వచ్చింది, పేరా స్టైల్‌లో (పేరా మొత్తం ఎలా కనబడాలో చెప్పే సెట్టింగు) ఒక ప్యాటర్న్, అంటే ఎలాంటి అక్షరాలు వెతకాలో చెప్పే రూల్, రాసి పెడితే దానికి సరిపడే అక్షరాలు ఎక్కడ కనబడ్డా దానంతటదే క్యారెక్టర్ స్టైల్ (ఆ అక్షరాలకి మాత్రమే ఇచ్చే సైజు, రంగు లాంటివి) వేసేస్తుంది. నేనూ ఈ పనిలోనే ఉన్నా, అది లేకుండా పెద్ద పుస్తకం చెయ్యడం చాలా కష్టం. కానీ అది ఉంది కదా అని ప్రూఫ్ చూడటం తగ్గించేస్తున్నారు, నా బాధ అదీ.

ఫుట్‌నోట్ నంబర్లు చిన్నగా పైకి రావాలని "చుక్క తర్వాత అంకె వస్తే సూపర్‌స్క్రిప్ట్ చెయ్యి" అని రూల్ పెట్టారనుకోండి. వాక్యాల చివర బాగానే పనిచేస్తుంది. అదే పేరాలో 2.5 మిల్లీగ్రాములు అని ఉంటే అక్కడా చుక్కే, పక్కన అంకే, దాంతో 5 చిన్నదైపోయి పైకెళ్లిపోతుంది, చదివేవాళ్లకి మోతాదు 2 మిల్లీగ్రాములు అన్నట్టు, 5 ఏదో నోట్ నంబర్ అన్నట్టు కనిపిస్తుంది. సరే, చుక్కకి ముందు అంకె ఉంటే వదిలెయ్ అని షరతు కలిపితే మోతాదు బాగుపడుతుంది కానీ 2008. అని సంవత్సరంతో ముగిసిన వాక్యం దగ్గర నోట్ నంబర్ మామూలుగా ఉండిపోతుంది, అది చేత్తో చేసుకోవాల్సిందే. భిన్నాల రూల్ కూడా అంతే, 1/2 కోసం రాస్తే 10/12 అనే తేదీని కూడా భిన్నం చేసేస్తుంది.

ఈ తప్పులు దొరకవు కూడా. టెక్స్ట్ మారదు, రూపమే మారుతుంది, కాబట్టి స్పెల్‌చెక్‌కి తప్పేం కనబడదు. పైగా రూల్ ఎప్పుడూ లైవ్‌లోనే ఉంటుంది, ప్రూఫ్ అయ్యాక ఎవరైనా ఒక్క అక్షరం దిద్దినా ఆ పేరాలో మళ్లీ వెతుక్కుంటుంది, నిన్న బాగున్న లైను ఇవాళ వేరేలా ఉండొచ్చు. ఇంకోటి, పేజీలో 10 పైన చిన్న 6 పెట్టి పది లక్షలు అని చూపించిన సంఖ్యని కాపీ చేసి వెబ్‌సైట్‌లో మామూలు టెక్స్ట్‌గా పేస్ట్ చేస్తే 106 అయి కూర్చుంటుంది. పిల్లలు చదివే సైన్సు పాఠంలో ఇలా వస్తే ఎంత అన్యాయం?

అచ్చు వేయించే సంస్థలకి మీ పత్రిక ద్వారా నేను అడిగేది పెద్ద పనేం కాదు. ప్రెస్‌కి పంపే ముందు ఆ క్యారెక్టర్ స్టైల్స్‌కి కాసేపు ఎర్ర రంగు ఇవ్వండి, రూల్ ఎక్కడెక్కడ పడిందో మొత్తం బయటపడుతుంది, అంకెలున్న ప్రతి చోటా అసలు కాపీతో పోల్చి రంగు తీసెయ్యండి. చివరి పీడీఎఫ్‌ని మాత్రం ఆ పుస్తకంలోని సబ్జెక్ట్ తెలిసిన మనిషితోనే చదివించండి, మోతాదులు ఉన్న పేజీలైతే తప్పనిసరిగా.

ఇట్లు,
పేజీలు చేసే ఒక పాఠకుడు