ఆ గది తాళం తీయించండి

సంపాదకులు గారికి నమస్కారం.

పిల్లల వార్డులో సంక్రాంతి సంబరాలు జరిగాయని మీ జిల్లా పేజీలో పెద్ద ఫోటోతో వార్త వేశారు. అప్పుడే రాద్దామనుకున్నాను, కోపంలో మాట తూలుతుందని ఆగాను. పది రోజులైంది, కోపం తగ్గలేదు. ఆ రోజు నేను ఆ వార్డులోనే ఉన్నాను. మా చెల్లెలి మనవడికి ఆరేళ్ళు, రక్త క్యాన్సర్‌కు కీమో నడుస్తోంది. ఆసుపత్రి పేరు రాయను. వార్త చదివినవాళ్ళకు తెలుసు.

ఆ సంబరాలకు పేరున్న పెద్దలు పది గంటలకు వస్తారన్నారు. ఒంటిగంటన్నరకు వచ్చారు. అప్పటిదాకా పిల్లలకు కొత్త బట్టలు తొడిగి, సెలైన్ పెట్టిన చెయ్యి కదలకుండా పట్టుకుని తల్లులు కూర్చున్నారు. నిద్రపోతున్న పిల్లల్ని కూడా లేపారు. ముప్ఫై మందికి పైగా లోపలికి వచ్చారు. మాస్కు ఇద్దరికే ఉంది. ఒకాయన దగ్గుతూనే మంచం మంచం తిరిగాడు. పూలదండలు, మూత తీసిన డబ్బాల్లో స్వీట్లు తెచ్చారు. భోగిపళ్ళంటూ కడగని రేగిపళ్ళు, బంతి రేకులు కలిపి ఒక పాప తల మీద పోశారు. ఆ పాపకు తెల్ల రక్తకణాల కౌంట్ పడిపోయింది, వండనిదేదీ పెట్టొద్దని డాక్టరు వాళ్ళ అమ్మకు ముందురోజే చెప్పి ఉన్నారు. కీమో మందు జబ్బు కణాలతో పాటు తెల్ల రక్తకణాలను కూడా తగ్గించేస్తుంది. మనకు దానంతట అదే తగ్గిపోయే జలుబు ఆ పిల్లల్ని ఐసీయూకు చేర్చగలదు. ఈ సంగతి వచ్చినవాళ్ళకు తెలియకపోవచ్చు. వాళ్ళను లోపలికి పంపిన అధికారులకు తెలియదా?

పావుగంటలో ఫోటోలు అయిపోయాయి, అందరూ వెళ్ళిపోయారు. సాయంత్రం స్వీట్లన్నీ చెత్తబుట్టలో ఉన్నాయి. ఇంకా కావాలని ఏడుస్తున్న పిల్లలకు సర్ది చెప్పలేక సిస్టర్లు అలిసిపోయారు.

అదే వార్డులో పోయిన ఏడాది సంక్రాంతి ఎలా జరిగిందో చెబుతాను. మా వీధి కాలేజీ పిల్లలు ఐదుగురు, నాతో పాటు రిటైరైన ఇంకో టీచరమ్మ, ఒక టైలరు, మొత్తం ఎనిమిది మందిమి. అప్పుడున్న డాక్టరుగారు మాకు గంటసేపు నేర్పించి గానీ లోపలికి రానివ్వలేదు. జలుబున్నవాళ్ళు రాకూడదు, మోచేతి దాకా సబ్బుతో కడుక్కోవాలి, ఒక్కసారికి నలుగురే, ఫోన్లు బయటే. పూలు, మెత్తటి బొమ్మలు వద్దు, తుడిచి ఇవ్వగలిగే ప్లాస్టిక్ బొమ్మలే తేవాలి. ముగ్గుపిండి దుమ్ము కూడదని చార్టుల మీద స్కెచ్ పెన్నులతో ముగ్గులు వేయించాం. సెలైన్ స్టాండుకు కాగితం గాలిపటాలు కట్టాం. భోగిపళ్ళకు బదులు రంగు కాగితాలు ఉండలు చుట్టి పోస్తే, పిల్లలు వాటినే ఏరి మళ్ళీ మా మీద విసిరారు. రంగంపేట వైపు నుంచి వచ్చిన ఒక పిల్లవాడు పొద్దుటి నుంచి గోడ వైపు తిరిగి పడుకునే ఉన్నాడు. మధ్యాహ్నం వాళ్ళ నాయనకు ఫోన్ చేయించుకుని, "మన గిత్తకు పలక కట్టినారా?" అని ఒకటే ప్రశ్న. ఊళ్ళో ఎద్దుల కొమ్ములకు పలకలు కట్టి పరిగెత్తించే పశువుల పండుగ జరుగుతుంటే వాడు మంచం మీద ఉన్నాడు. మా కాలేజీ పిల్లలు అట్టతో గిత్త తల చేసి, కొమ్ములకు పలక కట్టి వాడి చేతికిచ్చారు. ఆ పూట అన్నం తిన్నాడు. మూడు రోజుల తర్వాత తినడం అదేనని వాళ్ళమ్మ చెప్పింది.

పిల్లల్లో ఎక్కువగా వచ్చే రక్త క్యాన్సర్‌కు రెండు నుంచి మూడేళ్ళ దాకా వైద్యం చేయాలి. అంటే రెండు మూడు సంక్రాంతులు, రెండు మూడు పుట్టినరోజులు ఆసుపత్రి చుట్టూ తిరుగుతూనే గడిచిపోతాయి. ఆరేళ్ళవాడికి అది సగం జీవితం.

ఆ డాక్టరుగారికి బదిలీ అయింది. ఈసారి కూడా వార్డులో పండుగ చేస్తామని దసరా నుంచి మూడు అర్జీలు పెట్టాం. మొదటిది కనబడలేదన్నారు, రెండోదానికి పైనుంచి లెటరు రావాలన్నారు, మూడోదానికి జవాబే లేదు. పెద్దలకు మాత్రం ఒక్కరోజులో అనుమతి దొరికింది. ఇది ఈ ఒక్క వార్డు సంగతే కాదు. ఏ ఆఫీసుకు వెళ్ళినా ఇంతే. పేరున్నవాళ్ళకు ఎదురొస్తారు, పనిచేస్తామన్నవాళ్ళను రేపు రమ్మంటారు. వార్డు చివర పిల్లలు ఆడుకునే గది ఒకటి ఉంది. గోడ మీద ఎవరో ఏనుగు బొమ్మ కూడా వేయించారు. ఏడాదిగా అందులో విరిగిన మంచాలు నింపి తాళం వేసి ఉంచారు.

మీ పత్రికను కూడా ఒక మాట అడగాలి. జుట్టు రాలిన ఆ పాప ఫోటో, పేరు, ఊరు, జబ్బు అన్నీ అచ్చువేశారు. తల్లిని అడిగారా? రేపు ఆ పాప బడికి వెళ్తే పక్కన కూర్చోబెట్టుకోవద్దనే తల్లిదండ్రులు ఇంకా ఉన్నారు. ఈ జబ్బు అంటుకోదని ఎంత చెప్పినా వినరు. ఫోటో లేకపోతే వార్త కాదా?

గుండె ఆపరేషన్ కోసం పసిపిల్లల్ని ఎత్తుకుని వేలూరుకు, చెన్నైకి పరిగెత్తిన రోజులు ఈ జిల్లాలో అందరికీ గుర్తే. 2021లో తిరుపతిలో పిల్లల గుండె ఆసుపత్రి పద్మావతి హృదయాలయం వచ్చింది. 2022లో అలిపిరి దగ్గర క్యాన్సర్ ఆసుపత్రి తెరిచారు. అది మనందరికీ గర్వం. ఇంత చేసిన ఊరు పిల్లల వార్డులో పండుగను ఒక పద్ధతిగా జరపలేదా? గంగమ్మ జాతరకు బైరాగి వేషం, తోటి వేషం, దొర వేషం కట్టి వీధులన్నీ తిరిగే ఊరు మనది. మేలో ఇద్దరు ముగ్గురు శుభ్రంగా వేషం కట్టి వార్డు గుమ్మం దాకా వస్తే చాలు, పిల్లలు మంచాల మీద నుంచే చూసి నవ్వుతారు.

అధికారులకు నా మనవి ఇది. ప్రతి పిల్లల వార్డులో సిస్టర్లలో ఒకరికి ఈ పండుగల బాధ్యత అప్పగించండి. వాలంటీర్ల అర్జీకి వారంలో అవుననో కాదనో చెప్పండి. నియమాలు అచ్చువేసి గుమ్మానికి అంటించండి. అవి పెద్దలకూ వర్తించాలి. వాలంటీర్లుగా వద్దామనుకునేవాళ్ళు కూడా ఒకటి గుర్తుంచుకోవాలి. వస్తామని చెప్పి మానేయకండి. మావాడు పోయిన దీపావళికి ఎవరో వస్తామన్నారని రాత్రి తొమ్మిదింటి దాకా తలుపు వైపే చూస్తూ, "పెద్దవ్వా, ఇంకా రాలేదే?" అని అడుగుతూనే ఉన్నాడు.

ఉగాదికి ఇంకా సమయం ఉంది. ఆ గది తాళం ఎవరి దగ్గరుందో కనుక్కుని తీయించండి. మంచాలు బయట పెట్టి, గది కడిగి, సున్నం వేయడానికి మా ఎనిమిది మందిమీ సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
కొర్లగుంట, తిరుపతి