పాత బండి బీమాలో కోత ఎంతో ముందే చెప్పాలి

సంపాదకులు గారికి,

అయ్యా,

పాత వాహనాలకు ఏటా సమగ్ర బీమా కట్టుకుంటూ, ప్రమాదం జరిగిన రోజున అందులో తమకు వచ్చేది సగమో ముప్పావో తెలియక అవస్థ పడుతున్న మా జిల్లా వాసుల ఇబ్బందిని మీ పత్రిక ద్వారా బీమా సంస్థల దృష్టికి, హైదరాబాదులోనే ఉన్న బీమా నియంత్రణ సంస్థ దృష్టికి తేవాలని ఈ లేఖ రాస్తున్నాను.

నా దగ్గర పదకొండేళ్ల నాటి స్కార్పియో ఉంది. రాత్రివేళ ఎవరికైనా పురిటి నొప్పులు వచ్చినా, ఎవరైనా పెద్దవారు ఆయాసపడుతున్నా మా వీధి వారు వచ్చి తలుపు తట్టేది ఈ బండి కోసమే కనుక, పాతదైపోయిందని దాన్ని నేను అమ్మలేదు, బీమా మానలేదు. గత నవంబరులో ఒక సాయంత్రం రాజాం నుంచి చీపురుపల్లి వస్తుండగా, రోడ్డుకు ఒక పక్క ధాన్యం ఆరబోసి ఉన్న చోట అడ్డంగా వచ్చిన దూడను తప్పించబోయి కల్వర్టు గోడను కొట్టాను. బండి నడిపింది నేనే, తప్పు నాదే. మనుషులకు గాని దూడకు గాని ఏమీ కాలేదు. ఎడమ ఫెండర్, బంపర్, హెడ్‌లైటు, బానెట్ దెబ్బతిన్నాయి, ముందు అద్దం పగిలింది, రేడియేటర్ చిట్లి దుమ్ములో ఆకుపచ్చ కూలెంట్ మడుగు కట్టింది.

అక్కడ చేరిన వారిలో ఇద్దరు ముగ్గురు, నీళ్లు పోసుకుంటూ మెల్లగా ఇంటికి తోలుకుపొమ్మని మంచి మనసుతోనే సలహా ఇచ్చారు. ఆ సలహా విని ఉంటే చాలా నష్టపోయేవాణ్ని. రేడియేటర్ పగిలింది ప్రమాదం వల్ల గనుక దానికి బీమా వర్తిస్తుంది. నీళ్లు లేకుండా నడిపి ఇంజిన్ పట్టేస్తే మాత్రం అది తరువాత జరిగిన నష్టమని చెప్పి బీమా సంస్థ ఒక్క రూపాయి ఇవ్వదు. ఈ మాట పాలసీ కాగితాల్లో ఎక్కడో చిన్న అక్షరాల్లో ఇంగ్లీషులో ఉంటుంది. నేను తెలుగులో చదివింది ప్రమాదం తర్వాతనే.

నా పాలసీకి నగదు రహిత సౌకర్యం ఉన్న వర్క్‌షాపు విశాఖపట్నంలో ఉందని సహాయ కేంద్రం వారు చెప్పడంతో రికవరీ బండి మీద అక్కడికి పంపాను. దానికి 6,500 రూపాయలు అయ్యాయి. పాలసీ ప్రకారం బండి లాక్కుపోయే ఖర్చుకు ఇచ్చేది 1,500 మాత్రమే. ఇది మోటారు టారిఫ్ అనే 2002 నాటి వాహన బీమా నిబంధనల పుస్తకంలో రాసిన అంకె. డీజిలు ధర, కూలి, లారీ కిరాయి అన్నీ ఎక్కడికో వెళ్లినా, జిల్లా దాటించి బండిని తరలించవలసిన మా వంటి చోట్ల కూడా పాలసీలో ఆ అంకే కొనసాగుతోంది.

అసలు విషయం మరమ్మతు బిల్లు. మొత్తం 1,13,000 రూపాయలు కాగా, బీమా సంస్థ నుంచి 70,000 మంజూరైనట్లు ఒక్క వాక్యం నా ఫోనుకు వచ్చింది. ఎందుకు 70,000 అయిందో అందులో లేదు. మూడుసార్లు అడిగాక వచ్చిన కాగితాన్ని ఎదురుగా పెట్టుకుని ఒక పూట కూర్చుని లెక్క కట్టాను. ఇనుప భాగాలు 46,000. బండి పదేళ్లు దాటితే ఇనుప భాగాల మీద 50 శాతం తరుగుదల కోస్తారు గనుక 23,000 వచ్చింది. ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు బండి వయసుతో పని లేకుండానే 50 శాతం కోత గనుక 24,000లో 12,000 వచ్చింది. అద్దానికి తరుగుదల లేదు, 9,000 పూర్తిగా ఇచ్చారు. కూలి 15,000 పూర్తిగా ఇచ్చారు. పెయింటింగ్ 16,000లో నాలుగో వంతును రంగు ఖరీదుగా లెక్కించి అందులో సగం, అంటే 2,000 తగ్గించారు. కూలెంట్, ఆయిలు, క్లిప్పుల ఖర్చు 3,000 బీమాలోకి రాదన్నారు. వచ్చిన 73,000లో ప్రతి క్లెయిములోనూ యజమాని భరించవలసిన తప్పనిసరి మినహాయింపు 2,000, పాత ఇనుము విలువ కింద 1,000 పోగా 70,000 మిగిలింది. రికవరీ బండి తేడాతో కలిపి నాకు వదిలిన చేతి చమురు 48,000.

ఈ లెక్కలో బీమా సంస్థ నన్ను మోసగించిందని నేను అనడం లేదు. పదకొండేళ్ల బండికి కొత్త బానెట్ వేస్తే ఆ కొత్తదనంలో కొంత భాగం యజమాని భరించాలనడంలో న్యాయం ఉంది. పట్టికలన్నీ ముందే ఉన్నాయి. ప్రీమియం తీసుకునే రోజున మాత్రం ఆ పట్టికను నాకు ఎవరూ చూపలేదన్నదే నా ఫిర్యాదు. బండి పూర్తిగా పోతే సంస్థ లెక్కలోకి తీసుకునే, ఐడీవీ అని పిలిచే బీమా విలువను నా పాలసీలో 3,20,000 అని వేశారు. అయిదేళ్లు దాటిన బండికి ఆ విలువను సంస్థ, యజమాని మాట్లాడుకుని నిర్ణయించుకోవాలి. వాస్తవంలో ఫోను తెర మీద ఒక అంకె కనబడుతుంది, మనం డబ్బు కడతాం. ప్రీమియం తగ్గుతుందని ఆ విలువను తగ్గించుకునే వారు మరో ముప్పు తెలుసుకోవాలి. మరమ్మతు ఖర్చు ఆ విలువలో 75 శాతం దాటితే బండిని పూర్తి నష్టంగా లెక్కిస్తారు. విలువను రెండు లక్షలకు దించుకున్న మనిషికి లక్షన్నర దాటిన ఎస్టిమేషన్ వస్తే, పనికొచ్చే బండి కూడా తుక్కు కింద పోయే పరిస్థితి వస్తుంది.

పాత బండి వారికి చాలా మేలు చేసే ఇంకొక విషయం నాకు చెప్పింది రాజాంలో టింకరింగ్ పని చేసే ఒక మేస్త్రి. నా బిల్లు చూసి ఆయన, "మేస్టారూ, ఈ ఫెండరు సుత్తితో సాపు చేస్తే వచ్చేస్తాది, మార్చక్కర్లేదు. రేడియేటర్ సపోర్టు ఒకటే మార్చాల," అన్నాడు. కూలికి తరుగుదల లేదు గనుక, 8,000 పెట్టి కొత్త ఫెండర్ వేస్తే అందులో 4,000 మనమే పెట్టుకోవాలి, మూడు వేల కూలితో పాతదాన్ని సరిచేయిస్తే ఆ మూడు వేలూ బీమాలోనే వస్తాయి. పెద్ద వర్క్‌షాపులో మార్చడానికే మొగ్గు చూపారు, నష్టాన్ని అంచనా వేయడానికి బీమా సంస్థ పంపిన సర్వేయరు అడ్డు చెప్పలేదు, నాకు తెలియక నేనూ అడగలేదు. సర్వేయరును మర్నాడే కేటాయించారు గాని, ఆయన చూడవలసిన బండ్లు మూడు నాలుగు జిల్లాల్లో ఉండడంతో నాలుగో రోజున గాని రాలేకపోయారు. వచ్చి పావుగంటలో ఛాసిస్ నంబరు, దెబ్బలు ఫొటో తీసుకుని వెళ్లారు. ఏది మార్చాలి, ఏది సరిచేయాలి అన్నది యజమాని సమక్షంలో తేల్చుకోవలసిన ఘడియ అదే.

ఇది చాలదన్నట్టు, ఈ ఒక్క క్లెయిముతో క్లెయిము లేని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, అంటే 50 శాతానికి చేరిన నా నో క్లెయిమ్ బోనస్, సున్నా అయింది. మళ్లీ అక్కడికి చేరడానికి క్లెయిము లేని అయిదేళ్లు కావాలి. ఇదంతా చూసి విసిగి, 1500 సీసీ దాటిన బండికి 2022 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన 7,897 రూపాయల థర్డ్ పార్టీ బీమా, అంటే మన బండి వల్ల ఎదుటివారికి కలిగే నష్టానికే వర్తించే బీమా, ఒక్కటే చాలునని చాలామంది అనుకుంటున్నారు. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ చూసిన జిల్లాల్లో అది మంచి నిర్ణయం కాదని నా అభిప్రాయం. ఇంటి ముందు నిలిపిన బండి మీద తుపానుకు చెట్టు పడితే థర్డ్ పార్టీ పాలసీ ఏమీ ఇవ్వదు.

ఆరోగ్య బీమా పాలసీదారులకు ముఖ్యాంశాలను సులభమైన భాషలో, కోరితే స్థానిక భాషలో ఇవ్వాలన్న నిబంధన 2024 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. అదే విధంగా అయిదేళ్లు దాటిన ప్రతి వాహనానికి పాలసీ అమ్మేటప్పుడూ, పునరుద్ధరించేటప్పుడూ ఆ బండి వయసుకు ఇనుముకెంత, ప్లాస్టిక్‌కెంత కోత పడుతుందో, లక్ష రూపాయల బిల్లు వస్తే యజమాని చేతి నుంచి సుమారు ఎంత పడుతుందో తెలుగులో ఒక పేజీలో రాసి సంతకం తీసుకోవాలని నియంత్రణ సంస్థ ఆదేశించాలి. సర్వేయరు అంచనా ప్రతిని భాగం వారీగా, పని మొదలుకాక ముందే, అడగకుండానే యజమానికి ఇవ్వాలి. సర్వేయరు నివేదిక 15 రోజుల్లోను, దాని మీద నిర్ణయం మరో 7 రోజుల్లోను రావాలని 2024లో గడువులు పెట్టిన సంస్థకు ఇది కష్టమైన పని కాదు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోనే నివాసం ఉండే సర్వేయర్లను కేటాయించాలి. తరలింపు ఖర్చు 1,500 అన్న అంకెను మార్చాలి.

అంతవరకు నష్టపోయిన వారు ఊరుకోనవసరం లేదు. ముందు సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చినది సమంజసంగా లేకపోయినా, ఏడాదిలోగా బీమా ఫిర్యాదులను విచారించే, హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్ కార్యాలయానికి పంపవచ్చు. దానికి రుసుము లేదు, వకీలు అక్కర్లేదు. నా ఫెండర్ విషయం, మూడుసార్లు అడిగితే గాని లెక్క ఇవ్వకపోవడం గురించి నేను సంస్థకు రాసి పన్నెండు రోజులైంది.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
చీపురుపల్లి, విజయనగరం జిల్లా.