ఎత్తు అంటే ఎక్కడ్నుంచి?

తిరుపతి,
ఆదివారం

ఒరే మామా,

నీ ఉత్తరం అందింది. చంద్రగిరి రోడ్డు వైపు చూసిన సైటు గురించి రాశావు కదా, "రోడ్డు కన్నా మూడడుగుల ఎత్తులో ఉంది, వాన నీళ్లు రానే రావు" అని బ్రోకర్ గట్టిగా చెప్పాడని. ఆ సంగతికి వస్తాను. కానీ అదే ఉత్తరం చివర్లో "శ్రీశైలంలో 880 అడుగుల నీళ్లు పడ్డాయంట, ఇంక మన సీమకి ఏం భయం" అని కూడా రాశావు. ముందు అది మాట్లాడుకుందాం. నీకు వేరే వేరేగా కనిపించినా, రెండూ ఒకటే విషయంరా.

శ్రీశైలం డ్యాం పునాది నుంచి పై అంచు దాకా మొత్తం ఎత్తే 145 మీటర్లు. అంటే 476 అడుగులు. అందులో 880 అడుగుల లోతు నీళ్లు ఎట్లా పడతాయి చెప్పు? పేపర్లో రోజూ వేసే ఆ 885, నాగార్జునసాగర్‌కు వేసే 590, ఇవేవీ లోతులు కావు. నీటి పైభాగం సముద్ర మట్టం కన్నా ఎంత ఎత్తులో ఉందో చెప్పే అంకెలు. పేపర్లో సముద్రం మాట వదిలేసి అంకె మాత్రం వేస్తారు. దాంతో బాగా చదువుకున్నవాళ్లు కూడా దాన్ని లోతనే అనుకుంటారు. శ్రీశైలం నీళ్లను సీమకి మళ్లించే పోతిరెడ్డిపాడుకు 834 అడుగులు చాలా, 854 ఉండాలా అని ఇన్నేళ్లుగా గొడవ పడుతున్నారే, అదంతా సముద్రం నుంచి లెక్కేసిన ఇరవై అడుగుల గురించే. సీమ తాగునీళ్లు, సాగునీళ్లు ఆ ఇరవై అడుగుల్లో ఉన్నాయి. ఆ అంకె ఎక్కడ్నుంచి మొదలవుతుందో మనవాళ్లందరికీ తెలియాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ఇంకొకటి చూడు. 885 అడుగులంటే 270 మీటర్లు. మన కుప్పం 650 మీటర్ల పైన ఉంటుంది. మల్యాల దగ్గర తోడిన కృష్ణ నీళ్లు హంద్రీ-నీవా కాలువలో కుప్పం దాకా రావాలంటే ఆ మధ్యలో ఉన్న ఎత్తంతా పంపులు ఎత్తాలి, ఒక స్టేజీ తర్వాత ఇంకో స్టేజీ. ఎంత కరెంటు కావాలో, ఎన్ని మోటార్లు పెట్టాలో ఆ తేడాని బట్టే తేలుతుంది. శ్రీశైలం నుంచి కుప్పానికి ఎవరూ తాడు లాగి కొలవలేదు. రెండు ఊర్ల ఎత్తునూ ఒకే సున్నా నుంచి లెక్కగట్టారు కాబట్టి కాగితం మీద తీసివేత చేస్తే సరిపోయింది. ఆ సున్నా లేకపోతే ప్రతి కాలువకీ, ప్రతి రైలు లైనుకీ మొదటి నుంచి కొలుచుకుంటూ రావాల్సిందే.

మరి ఆ సున్నా ఎక్కడుంది? సముద్రంలో ఉంది అంటాం. అయితే నువ్వు మెరీనాలో కూర్చుని గంటల కొద్దీ చూసిన సముద్రం ఎప్పుడైనా ఒక్కచోట నిలబడిందా? అలలు వదిలేయ్. రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు పాటు. మద్రాసు దగ్గర ఆ తేడా మీటరుకు అటూ ఇటూ ఉంటుంది, గుజరాత్‌లో ఖంభాత్ సింధుశాఖలో పది మీటర్లు దాటిపోతుంది. అమావాస్యకూ పౌర్ణమికీ ఎక్కువ, మధ్యలో తక్కువ. నెలల్ని బట్టి కూడా మారుతుంది. మన తూర్పు తీరంలో మార్చి, ఏప్రిల్‌లో నీళ్లు కిందికి ఉంటాయి, అక్టోబరు, నవంబరులో పైకొస్తాయి. గాలులు, నీటి వేడి, నదుల మంచినీళ్లు కలవడం, వాయుగుండాలు, అన్నీ దాన్ని ఎత్తుతూ దించుతూ ఉంటాయి. చంద్రుడి దారి వంపు ఒక చుట్టు తిరిగి రావడానికే 18.6 ఏళ్లు పడుతుంది. అందుకే పద్ధతిగా చేయాలంటే దాదాపు 19 ఏళ్ల పాటు గంట గంటకీ నీటి ఎత్తు రాసి, సగటు తీస్తారు. ఆ సగటే 'మీన్ సీ లెవల్'. రైల్వేస్టేషన్ పసుప్పచ్చ బోర్డు మీద ఊరి పేరు కింద ఎత్తు రాసి ఉంటుంది చూడు, అక్కడ కనిపించే సముద్ర మట్టం ఇదే.

మన దేశానికి ఈ పని సర్వే ఆఫ్ ఇండియా చేసింది. కరాచీ, బొంబాయి, కార్వార్, బేపూర్, కొచ్చిన్, నాగపట్నం, మద్రాసు, విశాఖపట్నం, ఒడిశా తీరంలోని ఫాల్స్ పాయింట్, ఈ తొమ్మిది రేవుల్లో నీటి మట్టం కొలిచి, ఆ సగటుల్నే సున్నాగా పట్టుకుని, దేశమంతా లెవల్స్ నడిపించి, అంటే ఎత్తులు కొలుచుకుంటూ వెళ్లి, 1909లో లెక్క సరిచేశారు. మన విశాఖ, పక్కనున్న మద్రాసు అందులో ఉన్నాయంటే నాకు భలే సంతోషంగా ఉంటుంది. కరాచీ ఇప్పుడు వేరే దేశంలో ఉంది, అయినా మన ఎత్తుల లెక్కలో అక్కడి సముద్రానికీ భాగం ఉంది.

ఒక మాట ఒప్పుకోవాలి, తొమ్మిది రేవుల్లోనూ సముద్రం కచ్చితంగా ఒకే ఎత్తులో ఉండదు. పనామా దగ్గర పసిఫిక్ వైపు నీళ్లు అట్లాంటిక్ వైపు కన్నా 20 సెంటీమీటర్ల దాకా ఎత్తులో ఉంటాయి. అప్పట్లో తొమ్మిదింటినీ సున్నా అనుకునే లెక్క కట్టారు. నా దృష్టిలో అది తప్పు కాదు. ఆ రోజుల్లో చేతిలో ఉన్న సాధనాలతో అంత పెద్ద దేశాన్ని ఒక్క సున్నాకి కట్టడమే మహా గొప్ప పని.

రేవు నుంచి లోపలికి ఆ సున్నా ఎట్లా వస్తుందో నీకు చెప్పాలి, ఎందుకంటే నేను బతికేది ఆ పని మీదే. స్టాండు మీద లెవల్ (మట్టంగా చూసే దుర్భిణి) పెట్టి, దాని బబుల్ మధ్యలోకి తెస్తాం. వెనక ఎత్తు తెలిసిన బిందువు మీద స్టాఫు, అంటే అంకెల గీతలున్న కొలకర్ర, నిలబెట్టి రీడింగ్, ముందు కొత్త బిందువు మీద స్టాఫు నిలబెట్టి రీడింగ్. రెండింటి తేడాయే ఎత్తులో తేడా. తర్వాత స్టాండు ఎత్తుకుని ముందుకు. మద్రాసు నుంచి తిరుపతి దాకా అంతే, కొద్దికొద్ది మీటర్ల చొప్పున. వెనక దూరం, ముందు దూరం సమానంగా ఉండేలా చూసుకోవాలి. భూమి గుండ్రం కదా, కిలోమీటరు దూరానికే దాదాపు 8 సెంటీమీటర్లు వంగిపోతుంది. రెండు దూరాలు సమానమైతే ఆ వంపు అటూ ఇటూ కొట్టుకుపోతుంది. పొద్దున తొమ్మిది దాటితే మన ఎండకి తారురోడ్డు మీద గాలి ఉడికి, స్టాఫు మీది గీతలు వణకడం మొదలవుతుంది. నిజాయితీగా పని చేసేవాడు అప్పుడు ఆపేస్తాడు. స్టాఫు పట్టుకున్న కుర్రాడు రవ్వంత వాలినా రీడింగ్ పెరిగిపోతుంది. అందుకే స్టాఫును మెల్లగా ముందుకీ వెనక్కీ ఊపమని చెప్పి, అన్నిటికన్నా తక్కువగా కనిపించిన అంకె రాసుకుంటాం. ఊర్లో ఎక్కడైనా పాత బంగళా మెట్టు మీదో, వంతెన గోడ మీదో జీటీఎస్ (గ్రేట్ ట్రిగొనోమెట్రికల్ సర్వే) అని చెక్కిన బెంచ్ మార్క్ రాయి, అంటే ఎత్తు లెక్కగట్టి పెట్టిన గుర్తు, కనిపిస్తే నేను చెప్పులు విడిచి ముట్టుకుంటాను మామా. అక్కడి దాకా ఎంతమంది ఎండలో నిలబడి సముద్రాన్ని మోసుకొచ్చారో నాకు తెలుసు.

ఇప్పుడు బీచ్ నుంచి నువ్వు పంపిన స్క్రీన్‌షాట్ సంగతి. మెరీనాలో నిలబడితే ఏదో యాప్ మైనస్ 90 మీటర్లు చూపించింది, ఫోన్ చెడిపోయిందా అని అడిగావు. ఫోన్ బాగానే ఉంది. జీపీఎస్‌కి సముద్రం తెలియదు. భూమిని నున్నటి, కాస్త నొక్కుకున్న గోళంగా ఊహించుకుని, ఆ ఊహా గోళం పై నుంచి ఎత్తు చెప్తుంది. నిజమైన సముద్రం ఆ నున్నటి ఆకారంలో ఉండదు. భూమి లోపల బరువు ఎక్కువున్న చోట నీళ్లు అటు లాగబడి పైకి ఉబ్బుతాయి, తక్కువున్న చోట కిందికి దిగుతాయి. మేస్త్రీలు గోడలకు మట్టం చూడటానికి పారదర్శకంగా ఉండే పైపులో నీళ్లు పోసి రెండు కొసలా పట్టుకుంటారే, అట్లాంటి పైపు ఒకటి మద్రాసు సముద్రం నుంచి నేల అడుగున తిరుపతి దాకా వేశామనుకో. మన ఇంటి కింద ఆ పైపులో నీళ్లు ఎక్కడ నిలబడతాయో అదే ఇక్కడి సముద్ర మట్టం. దీన్నే జియాయిడ్ అంటారు.

విచిత్రం ఏంటంటే, ప్రపంచం మొత్తం మీద ఆ జియాయిడ్ అన్నిటికన్నా లోతుకు దిగిన చోటు మనకు దగ్గర్లోనే ఉంది. శ్రీలంకకు దక్షిణంగా హిందూ మహాసముద్రంలో అది 106 మీటర్లు కిందికి ఉంది. ఆ పల్లం వాలు మన దక్షిణాది దాకా పరుచుకుని ఉంది. అందుకే నీ మెరీనాలో మైనస్ 90 వచ్చింది. తిరుపతిలో 150 మీటర్ల ఎత్తున్న చోట అదే యాప్ 60 చూపిస్తుంది. ఆ పల్లం ఎందుకు ఏర్పడిందో బెంగళూరు ఐఐఎస్సీ శాస్త్రవేత్తలు 2023లో ఒక వివరణ ఇచ్చారు. ఎప్పుడో మాయమైపోయిన టెథిస్ సముద్రపు అడుగుభాగం భూమి లోపలికి కుంగడం వల్ల, ఆఫ్రికా కింద నుంచి వేడి పదార్థం ఇటు కదిలి, ఇక్కడ బరువు తగ్గిందని వాళ్ల లెక్క. సైటు పనికి మాత్రం ఆ యాప్ అంకె వాడకూడదు. సరిచేయకుండా వాడితే అంతా తలకిందులవుతుంది.

మన జిల్లా సంగతి ఎప్పుడైనా ఆలోచించావా? 2022లో తిరుపతి జిల్లా అయినప్పటి నుంచి శ్రీహరికోట, పులికాట్ మనవే. అంటే సున్నా మన జిల్లాలోనే ఉంది, 850 మీటర్ల పైన ఉన్న తిరుమల కూడా మన జిల్లాలోనే ఉంది. గాదంకిలో వాతావరణ పరిశోధన రాడార్ ఉంది కదా, అక్కడి పరిశోధనా పత్రాల్లో ఊరి పేరు పక్కనే సముద్ర మట్టానికి 375 మీటర్లు అని తప్పకుండా వేస్తారు. గాలి ఒత్తిడి ఎత్తుని బట్టి మారుతుంది, ఎనిమిది తొమ్మిది మీటర్లు ఎక్కితే ఒక మిల్లీబార్ తగ్గుతుంది. గాదంకి అంకెనూ నెల్లూరు అంకెనూ అట్లాగే పక్కపక్కన పెడితే ఎప్పుడూ గాదంకిలోనే వాయుగుండం ఉన్నట్టు కనిపిస్తుంది. అందుకే మ్యాపులో వేసేముందు అన్నిటినీ సముద్ర మట్టానికి దించి లెక్కేస్తారు. తిరుమలలో నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, అదీ ఈ ఎత్తు వల్లే.

సున్నా తేడా వస్తే ఏమవుతుందో లాఫెన్‌బర్గ్ వంతెన చూస్తే తెలుస్తుంది. రైన్ నది మీద జర్మనీ ఒక వైపు నుంచి, స్విట్జర్లాండ్ ఇంకో వైపు నుంచి కట్టుకొచ్చాయి. జర్మనీ సున్నా ఆమ్‌స్టర్‌డామ్ దగ్గరి ఉత్తర సముద్రం, స్విస్ వాళ్లది మార్సేయ్ దగ్గరి మధ్యధరా సముద్రం. రెండింటికీ 27 సెంటీమీటర్ల తేడా ఉందని ఇంజనీర్లకు ముందే తెలుసు. కానీ కలపాల్సిన చోట తీసేశారు, దాంతో తేడా రెండింతలైంది. 2003లో చూసుకుంటే ఒక వైపు 54 సెంటీమీటర్లు తేడా వచ్చింది. తర్వాత సరిచేశారు.

అంత దూరం ఎందుకు, ఆ మధ్య మన ఊర్లోనే ఒక లేఅవుట్‌లో నన్ను కాలువ చూడమని పిలిచారు. రెండు కొసల నుంచి ఇద్దరు కాంట్రాక్టర్లు కట్టుకొచ్చారు. ఒకాయన గేటు రాయి ఎత్తును 100.000 మీటర్లు అనుకుని అక్కడ్నుంచి లెక్కేశాడు, ఇంకొకాయన కల్వర్టు స్లాబును 100.000 అనుకున్నాడు. కాగితాల మీద రెండు లెవల్సూ చక్కగా కలిశాయి. నేల మీద మధ్యలో అడుగున్నర మెట్టు వచ్చింది. వాన పడిన ప్రతిసారీ ఐదారు ఇళ్లలోకి మురుగు ఎదురు తంతోంది. ఆ ఇళ్లలో ఒక పెద్దావిడ మంచం కాళ్ల కింద ఇటుకలు పెట్టుకుని ఉంది. నాకు ఇప్పటికీ కోపం పోలేదు. బెంచ్ మార్క్ అక్కడికి కిలోమీటరు లోపే ఉంది, ఒక్క పూట పని.

ఇప్పుడు నీ సైటు. రోడ్డు కన్నా మూడడుగుల ఎత్తు అంటే నాకు ఏమీ తెలియలేదు. ఆ రోడ్డు ఎంత ఎత్తులో ఉంది? రేపు మళ్లీ రోడ్డేస్తే ఇంకో అర అడుగు పెరుగుతుంది, నీ మూడడుగుల్లో అది పోయినట్టే. అసలు చూడాల్సింది పైనున్న చెరువు. చెరువు నిండినప్పటి మట్టం ఎంత, మొరవ (చెరువు నిండాక నీళ్లు పొర్లిపోయే చోటు) ఎంత ఎత్తులో పారుతుంది, మొరవ నీళ్లు దిగే వాగు ఎటు పోతుంది, నీ సైటు ఎంత, ఈ అంకెలన్నీ ఒకే బెంచ్ మార్క్ నుంచి తీసి పక్కపక్కన పెట్టాలి. 2021 నవంబరులో తిరుపతి మునిగింది నువ్వు మర్చిపోలేదు కదా? స్వర్ణముఖి ఎట్లా పొంగిందో, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింద ఊర్లు ఎట్లా ఖాళీ చేయించారో? అప్పుడు నీళ్లు వెళ్లింది వాటి వాలుని బట్టే. బ్రోకర్ మాట అవి వినవు.

కాబట్టి అడ్వాన్స్ ఇవ్వకు. ఇచ్చేశావంటే చెప్పు, ఆయనతో నేను మాట్లాడతా. వచ్చే శనివారం రాత్రి మద్రాసులో బస్సెక్కు. ఆదివారం పొద్దున ఆరుకల్లా చెరువు కట్ట మీద ఉండాలి, ఎండ ముదరక ముందే మొరవ నుంచి నీ సైటు దాకా లెవల్ నడిపించేద్దాం. స్టాఫు నువ్వే పట్టుకోవాలి, కుర్రాడు ఊరికెళ్లాడు. టోపీ తెచ్చుకో. చెల్లెమ్మని కూడా తీసుకురా, ఇల్లు కట్టేది తనూ ఉండటానికే కదా, లెక్కలు తన ముందే వేద్దాం. మొరవ కన్నా నీ సైటు కిందికి ఉందని తేలితే మాత్రం వాడు ఎంత తగ్గించినా వద్దు. అవిలాల వైపు ఇంకోటి చూసి పెట్టాను.

అమ్మకి నా నమస్కారాలు చెప్పు. బస్సెక్కాక ఫోన్ చెయ్యి.

ఇట్లు
నీ మామ