2025 వార్షిక నివేదిక: రేంజర్స్ బుల్‌పెన్, మన నోట్‌బుక్

సభ్యులందరికీ నమస్కారం.

డాలస్ చుట్టుపక్కల ఇర్వింగ్, ఫ్రిస్కో, ప్లేనోలలో ఉంటున్న మన బేస్‌బాల్ అభిమానుల సంఘం 2025లో చేసిన పనుల నివేదిక ఇది. ఆర్లింగ్టన్ ప్రయాణాలు, పిల్లల స్కోరు తరగతులు, గ్రాండ్ ప్రెయిరీలో క్రికెట్ సాయంత్రం, జమాఖర్చులు అన్నీ ఇందులో ఉన్నాయి. అయితే ఈ ఏడాది నెలవారీ సమావేశాలన్నీ టెక్సస్ రేంజర్స్ రిలీఫ్ పిచర్ల (మొదటి పిచర్ తర్వాత వచ్చి బంతి వేసేవాళ్లు, అంటే బుల్‌పెన్) చుట్టూనే తిరిగాయి కాబట్టి నివేదికలోనూ పెద్ద భాగం దానికే ఇచ్చాను.

ముందుగా మన పొరపాటు ఒకటి చెప్పాలి. 2024 చివర మనం చేసిన అంచనాలో కర్బీ యేట్స్‌ను వదులుకోవద్దని గట్టిగా రాశాం. కారణం లేకపోలేదు. ఆ ఏడాది జట్టు 78 ఆటలు గెలిచి 84 ఓడినా, తొమ్మిదో ఇన్నింగ్స్‌లో యేట్స్ వస్తే నిశ్చింతగా ఉండేది. 34 అవకాశాల్లో 33 సేవ్‌లు (చివరిదాకా నిలబెట్టిన ఆధిక్యాలు), 1.17 ఈఆర్ఏ (పిచర్ ఇచ్చే పరుగుల సగటు, తక్కువైతేనే మేలు). జట్టు అతడిని ఉంచుకోలేదు, డాజర్స్ తీసుకుంది. అక్కడ 2025లో అతడి ఈఆర్ఏ ఐదు దాటింది. అదే ఏడాది బోస్టన్‌లో 1.17 ఈఆర్ఏ నమోదు చేసిన క్లోజర్ (ఆట ముగించే రిలీఫ్ పిచర్) ఎవరంటే, 2023లో మన జట్టుకు ఆడి వెళ్లిన అరోల్డిస్ చాప్‌మన్. 37 ఏళ్ల వయసులో! రెండు అంకెలూ ఒకటే, మనుషులే మారారు. ఈ సంగతి బయటపడిన రోజున సమావేశంలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. గత ఏడాది అంకెను చూసి వచ్చే ఏడాదికి జీతం కట్టడం ఎంత ప్రమాదమో మనకు అర్థమైంది అప్పుడే.

ఎందుకిలా జరుగుతుంది? కొత్త సభ్యుల కోసం కొంచెం వివరంగా రాస్తాను. ఈఆర్ఏ అంటే ఫీల్డర్ల పొరపాట్ల వల్ల వచ్చినవి తీసేసి, తొమ్మిది ఇన్నింగ్స్‌కు పిచర్ సగటున ఇచ్చిన పరుగులు. ఆట మొదలుపెట్టే పిచర్, అంటే స్టార్టర్, ఏడాదికి 180 ఇన్నింగ్స్ వేస్తే రిలీవర్ వేసేది 60. ఆ 60లో ఒక చెడ్డ రాత్రి, ఒక్క ఔటూ రాకుండా ఐదు పరుగులు ఇచ్చాడనుకోండి, ఏడాది ఈఆర్ఏ 0.75 పెరుగుతుంది. స్టార్టర్‌కు అదే ఐదు పరుగుల బరువు 0.25. అంటే రిలీవర్ అంకెలో అతడి నైపుణ్యం ఎంతో, అదృష్టం వంతూ దాదాపు అంతే ఉంటుంది.

రెండో చిక్కు ఇంకా పెద్దది. ఒక పిచర్ మూడు బేస్‌లూ నింపి వెళ్లిపోతాడు. తర్వాత వచ్చినవాడు డబుల్ ఇస్తాడు, ముగ్గురూ ఇంటికి (హోమ్ ప్లేట్‌కు) చేరతారు. ఆ మూడు పరుగులూ వెళ్లిపోయినవాడి ఖాతాలో పడతాయి, ఇచ్చినవాడి ఈఆర్ఏ చెక్కు చెదరదు. క్రికెట్ చూసి పెరిగిన మనకు ఇది మింగుడుపడదు. అక్కడ ఎవరి ఓవర్ పరుగులు వారివే.

ఈ లోటును పూడ్చినవారు మన మాస్టారు గారు. తెనాలిలో లెక్కలు చెప్పి, ఊరి క్రికెట్ పోటీలకు ఏళ్ల తరబడి స్కోరు రాసి, కూతురి దగ్గర ఉండటానికి వచ్చిన మాస్టారు గారు ఏప్రిల్ నుంచి ఒక పొడవాటి నోట్‌బుక్ పెట్టారు. రిలీవర్ మైదానంలోకి నడిచి వస్తున్నప్పుడు బేస్‌ల మీద ఎంతమంది ఉన్నారో ఎర్ర సిరాతో చుక్కలు పెడతారు. ఆ రన్నర్ ఇంటికి చేరితే చుక్క మీద అడ్డగీత. చేరకుండా ఇన్నింగ్స్ ముగిస్తే చుక్క చుట్టూ పెన్సిల్‌తో సున్నా. పుట తిప్పితే చాలు, ఎవరు మంట ఆర్పారో, ఎవరు నెయ్యి పోశారో కళ్లకు కడుతుంది. గ్లోబ్ లైఫ్ ఫీల్డ్ కప్పు మూసి ఉన్న రోజున పక్కవాళ్లంతా లేచి అరుస్తుంటే ఆయన మాత్రం తల వంచి చుక్క పెట్టడం నేను చూశాను.

సేవ్ లెక్క గురించి కూడా రెండు వేసవి సమావేశాల్లో వాదన జరిగింది. షికాగో విలేకరి జెరోమ్ హోల్ట్‌జ్‌మన్ ఆలోచనలోంచి పుట్టిన ఈ లెక్కను 1969లో అధికారికంగా గుర్తించారు. మూడు పరుగుల ఆధిక్యంతో వచ్చి చివరి ఇన్నింగ్స్ నిలబెడితే సేవ్. ఒక్క పరుగు ఆధిక్యంతో, బేస్‌లు నిండి ఉండగా, ఏడో ఇన్నింగ్స్‌లో వచ్చి గండం గట్టెక్కించినవాడికి మాత్రం సేవ్ దక్కదు. అతడే విఫలమైతే మాత్రం 'బ్లోన్ సేవ్' పేరిట నింద దక్కుతుంది. ఈ అన్యాయం నాకు ఏనాడూ నచ్చలేదు, ఈ నివేదికలోనూ దాన్ని దాచుకోను.

సంఘం పుట్టిన 2023 దీనికి సరైన ఉదాహరణ. ఆ సీజన్‌లో రేంజర్స్‌కు 63 సేవ్ అవకాశాలు వస్తే నిలబెట్టినవి 30, జారవిడిచినవి 33. జారినవన్నీ ఓటములు కావు, కొన్ని ఆటలు తర్వాత మళ్లీ గెలిచారు. అయినా హ్యూస్టన్‌తో సమానంగా 90 విజయాల దగ్గర ఆగి, ముఖాముఖి ఆటల్లో వెనకబడినందువల్ల డివిజన్ పోయింది. ఒక్క ఆట, ఆ ముప్పై మూడింటిలో ఒక్కటి నిలబడి ఉంటే చాలు. అలాంటి బుల్‌పెన్‌తో వరల్డ్ సిరీస్ గెలుస్తారని అక్టోబరు 1న ఎవరు చెప్పినా నమ్మేవాళ్లం కాదు.

అక్టోబరు 20 రాత్రి ఆర్లింగ్టన్‌లో మనవాళ్లు చాలామంది ఉన్నారు. 4-2 ఆధిక్యం, తొమ్మిదో ఇన్నింగ్స్, హోసే లెక్లర్క్ చేతిలో బంతి. హ్యూస్టన్ బ్యాటర్ హోసే ఆల్టువే కొట్టిన మూడు పరుగుల హోమ్ రన్ ఎడమవైపు గోడ దాటింది. దానికి ముందు జరిగిన గొడవ వల్ల ఆట చాలాసేపు ఆగింది, లెక్లర్క్ ఆ సేపంతా చల్లబడిపోయి కూర్చున్నాడు. స్కోరు పట్టికలో ఆ నిరీక్షణకు గడి లేదు. రెండు రోజుల తర్వాత హ్యూస్టన్‌లో ఎనిమిదో ఇన్నింగ్స్‌లో మన మేనేజర్ బ్రూస్ బోచీ మళ్లీ అతడినే పిలిచాడు. బేస్‌లు నిండిన స్థితి నుంచి అతడు పరుగు ఇవ్వకుండా బయటపడ్డాడు. రిలీవర్‌ను అంచనా వేయడమంటే ఈ రెండు రాత్రులనూ ఒకే పుటలో రాసుకోవడం అని నా నమ్మకం.

ఇక జోష్ స్బోర్జ్. ఆ సీజన్‌లో అతడి ఈఆర్ఏ 5.50. ప్లేఆఫ్స్‌లో 12 ఇన్నింగ్స్‌కు ఒక్క పరుగు. నవంబరు 1న ఫీనిక్స్‌లో, వరల్డ్ సిరీస్ చివరి ఆటలో, చివరి ఏడు ఔట్లూ అతడివే. అరిజోనా బ్యాటర్ కీటెల్ మార్టే కర్వ్‌బాల్‌ను చూస్తూ ఉండిపోగా మూడో స్ట్రైక్ పడినప్పుడు, మన సభ్యుడి గ్యారేజీలో కుర్చీలు వెనక్కి పడిన చప్పుడు నాకు ఇంకా వినిపిస్తోంది. ఆ తర్వాత స్బోర్జ్‌కు భుజం శస్త్రచికిత్స జరిగింది, 2025లో మేజర్ లీగ్‌లో ఒక్క ఆటా ఆడలేదు. ఆ ఏడు ఔట్ల ఖరీదులో అతడి భుజమూ ఉందేమోనని నాకు అనిపిస్తుంది.

పాత చరిత్ర కోసం ఆగస్టు సమావేశాన్ని కేటాయించాం. జాన్ వెటిలాండ్ 150 సేవ్‌లతో జట్టు చరిత్రలో మొదటి స్థానంలో ఉన్నాడు. ఒకే సీజన్‌లో ఎక్కువ సేవ్‌లు, 49, 2004లో ఫ్రాన్సిస్కో కోర్డెరోవి. జో నేథన్ 2013లో 43 సేవ్‌లు, 1.39 ఈఆర్ఏ. వీళ్ల గురించి వాదనేమీ రాలేదు. వాదన అంతా నెఫ్తలీ ఫెలీస్ గురించే. 2010లో 40 సేవ్‌లతో ఆ ఏటి ఉత్తమ నవాగంతుకుడైన ఫెలీస్‌ను జనం గుర్తుపెట్టుకున్నది మాత్రం 2011 అక్టోబరు 27 రాత్రి కోసం. సెయింట్ లూయిస్‌లో వరల్డ్ సిరీస్ ఆరో ఆట, 7-5 ఆధిక్యం, ఇద్దరు ఔట్, రెండు స్ట్రైకులు, ఇంకొక్క స్ట్రైక్ పడితే టైటిల్ మనదే. ఆ ఊరి జట్టు బ్యాటర్ డేవిడ్ ఫ్రీస్ కొట్టిన బంతి కుడివైపు నెల్సన్ క్రూజ్‌ను దాటి గోడ దగ్గర పడింది, స్కోరు సమమైంది. పదో ఇన్నింగ్స్‌లో జాష్ హామిల్టన్ హోమ్ రన్‌తో మళ్లీ రెండు పరుగుల ఆధిక్యం, మళ్లీ ఒక్క స్ట్రైక్ దూరంలో లాన్స్ బెర్క్‌మన్ సింగిల్. పదకొండులో ఫ్రీస్ హోమ్ రన్‌తో ఆట పోయింది, మరుసటి రాత్రి సిరీస్ పోయింది. పదో ఇన్నింగ్స్‌లో పిచింగ్ చేసినవారి పేర్లు అడిగితే మనలో ముగ్గురికి మించి చెప్పలేకపోయారు. ఫెలీస్ పేరు అందరికీ వచ్చు. ఇదీ న్యాయం కాదు.

అదే ఏడాది కోజి ఉయెహారా కోసం క్రిస్ డేవిస్‌ను, టామీ హంటర్‌ను బాల్టిమోర్‌కు ఇచ్చారు. ఉయెహారా ఆ అక్టోబరులో తడబడ్డాడు. 2013లో డేవిస్ 53 హోమ్ రన్‌లు కొట్టాడు, ఉయెహారా 1.09 ఈఆర్ఏతో బోస్టన్‌ను విజేతగా నిలిపాడు. నష్టం రెండు వైపులా మనదే. 2023లో చాప్‌మన్ కోసం కాన్సస్ సిటీకి ఇచ్చిన కోల్ రేగన్స్ మరుసటి ఏడాదే ఆల్ స్టార్ అయ్యాడు. అయితే ఆ బేరంలో వరల్డ్ సిరీస్ టైటిల్ మనకు దక్కింది కాబట్టి నేను దాన్ని తప్పు పట్టను. సభ్యుల్లో సగం మంది నాతో ఏకీభవించలేదు, ఆ మాటా నమోదు చేస్తున్నాను.

2025 సంగతి. 81 గెలుపులు, 81 ఓటములు. మేజర్ లీగ్ మొత్తంలో అతి తక్కువ జట్టు ఈఆర్ఏ మనది, అయినా ప్లేఆఫ్స్ లేవు. బ్యాటింగ్ ఎంత నిరాశపరిచిందో దీన్నిబట్టే తెలుస్తుంది. తొమ్మిదో ఇన్నింగ్స్‌కు స్థిరమైన యజమాని లేడు. ల్యూక్ జాక్సన్, రాబర్ట్ గార్సియా, షాన్ ఆర్మ్‌స్ట్రాంగ్‌ల మధ్య ఆ పని తిరిగింది. తక్కువ జీతంతో ఏడాది ఒప్పందం మీద వచ్చిన ఆర్మ్‌స్ట్రాంగే వాళ్లలో మెరుగు అని మన ఏకగ్రీవ అభిప్రాయం. మాస్టారు గారి నోట్‌బుక్‌లో పెన్సిల్ సున్నాలు ఎక్కువ ఉన్న పేరూ అదే.

జూలైలో మేజర్ లీగ్ క్రికెట్ చూడటానికి గ్రాండ్ ప్రెయిరీ వెళ్లినప్పుడు క్రిస్ మార్టిన్ గురించి చెప్పుకున్నాం. 2024 టి20 ప్రపంచకప్‌లో సౌరభ్ నేత్రావల్కర్ సూపర్ ఓవర్ వేసి పాకిస్తాన్‌ను ఓడించిన మైదానం అది. అంతకు ముందు అది బేస్‌బాల్ మైదానం, ఎయిర్‌హాగ్స్ అనే స్వతంత్ర జట్టు అక్కడ ఆడేది. ఆర్లింగ్టన్‌లోనే పుట్టి పెరిగిన మార్టిన్ భుజం గాయంతో ఆట మానేసి, గృహోపకరణాల గోదాములో ఫ్రిజ్‌లు మోసే పనిలో ఉండేవాడు. తోటి పనివాడితో సరదాగా బంతి విసురుకుంటుంటే భుజం నొప్పి లేదని తెలిసింది. 2010లో ఎయిర్‌హాగ్స్‌లో చోటు దొరికింది. అక్కడి నుంచి బోస్టన్, జపాన్, అట్లాంటాతో 2021 ట్రోఫీ, 2025లో 39 ఏళ్లకు తిరిగి సొంత ఊరి జట్టు. మనం క్రికెట్ చూస్తూ కూర్చున్న ఆ మైదానమే అతడికి రెండో జీవితం ఇచ్చిందని తెలిసినప్పుడు పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

వచ్చే ఏడాది మాట. బోచీ వెళ్లిపోయాడు, స్కిప్ షూమేకర్ కొత్త మేనేజర్. ఆర్మ్‌స్ట్రాంగ్, మార్టిన్, హోబీ మిల్నర్, ఫిల్ మేటన్, డానీ కూలంబ్ అందరి ఒప్పందాలూ ఈ సీజన్‌తో ముగిశాయి. అంటే బుల్‌పెన్ దాదాపు ఖాళీ ఇల్లు. వీళ్లలో ఎవరికైనా మూడేళ్ల ఒప్పందం ఇవ్వడం మంచిది కాదని మన కమిటీ అభిప్రాయం, యేట్స్ అనుభవం తర్వాత నాకూ వేరే ఆలోచన లేదు. చేతిలో ఉన్నవాళ్లలో ఎక్కువ ఆశ కోల్ విన్ మీద. 2018 డ్రాఫ్ట్‌లో (కొత్త ఆటగాళ్ల ఎంపికలో) మొదటి రౌండ్‌లో తీసుకున్న స్టార్టర్, ఆ పాత్రలో నిలదొక్కుకోలేక రిలీఫ్‌కు మారి 2025లో కుదురుకున్నాడు. ఎడమచేతి గార్సియా చేతిలో కొన్ని ఆటలు జారినా అతడిని వదులుకోకూడదని రాశాం. 2020 నుంచి రిలీవర్ కనీసం ముగ్గురు బ్యాటర్లను ఎదుర్కోవాలి లేదా ఇన్నింగ్స్ ముగించాలి కాబట్టి, ఎడమచేతి బ్యాటర్ ఒక్కడి కోసం ఒకరిని అట్టేపెట్టుకునే రోజులు పోయాయి. రెండు వైపులా నిలవగలవాడే కావాలి. యువ పిచర్ ఎమిలియానో టియోడోను 2024లో రేంజర్స్ మైనర్ లీగ్ జట్టు ఫ్రిస్కో రఫ్‌రైడర్స్ మైదానంలో మనలో చాలామంది చూశారు. గంటకు 100 మైళ్లు దాటే వేగం, గురి మాత్రం ఇంకా కుదరాలి. వాక్‌లు (గురి తప్పిన నాలుగు బంతులతో బ్యాటర్‌కు ఊరికే ఇచ్చే బేస్) తగ్గితే తప్ప అతడిని లెక్కలోకి తీసుకోలేదు.

మిగతా విషయాలు క్లుప్తంగా. జూన్ ప్రయాణానికి మాట్లాడుకున్న బస్సు రాలేదు. సభ్యులు కార్లు సర్దుకుని పెద్దవాళ్లందరినీ మొదటి బంతికి ముందే చేర్చారు, వారికి కృతజ్ఞతలు. బయానా తిరిగి వచ్చింది. సభ్యత్వ రుసుము పెంచడం లేదు. జమాఖర్చుల పట్టికను కోశాధికారి గారు విడిగా పంపారు.

పిల్లల స్కోరు తరగతులు ఫిబ్రవరి రెండో శనివారం మొదలవుతాయి. ఏప్రిల్‌లో వాళ్లను ఫ్రిస్కో ఆటలకు తీసుకువెళ్తాం. మాస్టారు గారు నవంబరులో తెనాలి వెళ్లిపోయారు. నోట్‌బుక్‌ను, ఎర్ర కలాన్ని తరగతిలో అందరికన్నా శ్రద్ధగా రాసిన పన్నెండేళ్ల అమ్మాయి చేతికి ఇచ్చి వెళ్లారు. ఆర్లింగ్టన్‌లో మొదటి ఆటకు ఆ అమ్మాయి పక్కన కూర్చుని చుక్కలు సరిచూడటానికి ఒక పెద్దవారు కావాలి. వీలున్నవారు జనవరి నెలాఖరులోగా నాకు పేరు ఇవ్వగలరు.

ఇట్లు,
కార్యదర్శి