నా బొమ్మలో నలుపు నాది కాదు

అందరికీ నమస్కారం. హైదరాబాద్ గ్రూప్ షో అయిపోయింది, బొమ్మ ఇంటికొచ్చేసింది. బాగుందని మెసేజ్ పెట్టిన వాళ్లందరికీ విడివిడిగా జవాబివ్వలేకపోయాను, ఏమనుకోకండి. ఆ మెచ్చుకోళ్లలో సగానికి పైగా చేరాల్సిన వాళ్లు వేరే ఉన్నారు. వాళ్ల గురించే ఈ పోస్టు.

చూడని వాళ్ల కోసం రెండు ముక్కలు. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు పులికాట్ సరస్సును చీల్చుకుంటూ పోతుంది. ఎండలు ముదిరేకొద్దీ రోడ్డుకు అటూ ఇటూ నీళ్లు వెనక్కి తగ్గి, బురద నెర్రెలిస్తుంది, దాని మీద ఉప్పు తెల్లగా పేరుకుంటుంది. ఇంకా నీళ్లు మిగిలిన చోట, బాగా దూరంగా, ఫ్లెమింగోల గుంపు సన్నటి గులాబీ గీతలాగా కనబడుతుంది. నేను వేసింది అదే. పక్షి లేదు, పడవ లేదు, రోడ్డు కూడా లేదు. నాలుగడుగుల గుడ్డ మీద తెలుపు, బూడిద, నలుపు, పైన ఆ గీత. మా అమ్మయితే "సున్నం సరిగా పట్టని గోడలా ఉందే" అంది.

చిక్కంతా నలుపుతోనే వచ్చింది. ట్యూబులోంచి పిండిన నలుపు ఎంత పలచన చేసినా తారు పూసినట్టే ఉండేది. ఎండిన బురదలో ఉండే నలుపు అది కాదు. రెండు గుడ్డలు పాడుచేశాక శ్రీకాళహస్తిలో కలంకారీ వేసే ఒక అక్క దగ్గరికి వెళ్లాను. తన పేరు రాయొద్దంది. ఇనుప తుప్పు, బెల్లం నీళ్లలో వారాల తరబడి నానబెట్టి చేసే కసిం ఆమె ఇంట్లో కుండలో ఉంది. వాసన చెప్పను, అనుభవించాల్సిందే. గుడ్డను ముందు కరక్కాయ పొడి, గేదె పాలు కలిపి తడిపి ఆరబెట్టించింది. పాలు ఎందుకంటే, లేకపోతే గీసిన గీత గీసినచోట నిలవదు, పాకిపోతుంది. ఆరాక కలం నా చేతికిచ్చి "గియ్యమ్మాయ్, చూస్తావేంది" అంది. కలం మొనన వెలిసిపోయిన టీ నీళ్లలా ఉన్న రసం గుడ్డను తాకి, కరక్కాయలోని వగరుతో కలవగానే బూడిదయ్యి, చూస్తుండగానే నల్లబడింది. బురద ఆరడం ఒక్క నిమిషంలో చూసినట్టుంది నాకు. ఇంటికొచ్చేటప్పుడు ఒక సీసా నిండా పోసిచ్చింది. డబ్బులు ఇవ్వబోతే తిట్టింది.

నర్మద ఒడ్డు అడవుల్లో పెరిగిన చిత్రకారుడు ఎస్.హెచ్. రజా గారికి చిన్నప్పుడు చూపు నిలవడం లేదని బడిపంతులు గోడ మీద చుక్క పెట్టి చూడమన్నాడట. ఎన్నో ఏళ్ల తర్వాత అదే ఆయన బొమ్మల్లో బిందువైంది. ఆయనతో నాకు పోలికేమిటి! కానీ అక్క ఇచ్చిన సీసా చూసినప్పుడల్లా ఆ పంతులే గుర్తొస్తాడు.

ఇక నా తెలివితక్కువ పని. గులాబీ గీత అక్రిలిక్‌తో వేసి, పూర్తిగా ఆరకముందే రంగు లోపలికి వచ్చేలా గుడ్డ చుట్టేశాను. బస్సెక్కేలోపే వాన. ఆ కండక్టర్ గారు నన్ను కసురుకుంటూనే తన సీటు కింద ఉన్న ప్లాస్టిక్ పట్టా తీసి చుట్టిచ్చారు. సార్, దిగే హడావిడిలో మీకు సరిగా చెప్పలేదు. ఆ పట్టా లేకపోతే షో లేదు.

హైదరాబాద్‌లో విప్పబోతే గులాబీ గీత గుడ్డ వెనకవైపుకి అతుక్కుపోయి ఉంది. ఫ్రేములు కట్టే పెద్దాయన నా చెయ్యి పట్టుకుని ఆపారు. "రంగు లోపటికి పెట్టి ఎవరన్నా చుడతరా బిడ్డా? గుంజకు." ఫ్యాను కింద పెట్టి, జానెడు జానెడు చొప్పున విప్పుతూ రాత్రి రెండింటిదాకా కూర్చున్నారు. అరచెయ్యంత చోట రంగు లేచిపోయింది. తెల్లారి మళ్లీ వేశాను, దగ్గరికొచ్చి చూస్తే అతుకు తెలుస్తుంది. ఫ్రేముకు కర్ర డబ్బులే తీసుకున్నారు, రాత్రి పనికి టీ చాలన్నారు. మూడు టీలు తాగాం.

అక్కా, సీసా కడిగి ఉంచాను. సంక్రాంతికి వచ్చేటప్పుడు తెస్తాను, అడుగున కాస్త మిగిలిన కసిం మాత్రం వేరే డబ్బాలోకి వంచుకున్నాను, అది తిరిగివ్వను.