యూటా ఎవరూ లేని ఎడారి కాదు

సంపాదకులకు నమస్కారాలు.

గత ఆదివారం మీ అనుబంధంలో అమెరికాలోని యూటా రాష్ట్రం గురించి వచ్చిన వ్యాసం చదివాను. మా తిరుపతి నుంచి పై చదువులకూ ఉద్యోగాలకూ సాల్ట్ లేక్ సిటీకి వెళ్ళిన పిల్లలు కొందరున్నారు కాబట్టి, ఆ ప్రాంతం పుట్టుపూర్వోత్తరాలు తెలుగులో రావడం సంతోషమే. అయితే, మనిషి అలికిడి లేని ఎడారిని మార్మన్లు అనే మతశాఖ వారు ఒంటిచేత్తో పచ్చగా మార్చారన్న ధోరణిలో వ్యాసం సాగడం పట్ల, ముప్పై ఏళ్ళు బడిలో చరిత్ర చెప్పినవాడిగా నాకు అభ్యంతరం ఉంది.

మార్మన్ల కష్టాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. 1844లో ఇల్లినాయ్‌లోని కార్తేజ్ జైలు మీద పడిన గుంపు తమ ప్రవక్త జోసెఫ్ స్మిత్‌ను కాల్చి చంపాక, 1846లో కట్టుకున్న ఇళ్ళు వదిలి పడమటి దారి పట్టిన జనం వాళ్ళు. వ్యాసకర్త 1847 జులై 24న, స్మిత్ తర్వాత వారికి నాయకుడైన బ్రిగమ్ యంగ్, సాల్ట్ లేక్ లోయలో అడుగుపెట్టడంతో కథ మొదలుపెట్టారు. నిజానికి ముందు నడిచిన దళం అంతకు రెండు రోజుల మునుపే అక్కడికి చేరి, 23న సిటీ క్రీక్ అనే వాగుకు అడ్డుకట్ట వేసి, బిగుసుకుపోయిన నేలను తడిపి దున్నడం మొదలుపెట్టింది. జబ్బుపడి వెనకబడిన యంగ్ ఆ మరునాడు వచ్చారు. చెరువు కిందా కాలువ కిందా బతికిన మన జిల్లా రైతుకు ఆ 23వ తేదీయే అసలు ముహూర్తంగా కనిపిస్తుంది. ఆ ముందుదళంలో గ్రీన్ ఫ్లేక్, హార్క్ లే, ఆస్కర్ క్రాస్బీ అనే ముగ్గురు నల్లజాతి బానిసలు ఉన్నారు. సాల్ట్ లేక్ సిటీలోని బ్రిగమ్ యంగ్ స్మారకం ఫలకం మీద వారి పేర్లు ఉన్నాయి గానీ, సేవకులన్న మాటతో కలిపి ఉన్నాయి. 1852లో అక్కడి శాసనసభ బానిసత్వాన్ని చట్టబద్ధం చేసింది. 1862లో అమెరికా కాంగ్రెస్ టెరిటరీలన్నిటిలో, అంటే ఇంకా రాష్ట్ర హోదా రాని ప్రాంతాలన్నిటిలో, దాన్ని నిషేధించేదాకా ఆ చట్టం నడిచింది.

ఇక ఆ లోయ ఎవరిదీ కాదన్న మాట. కాగితాల లెక్కన అది అప్పటికి మెక్సికోది. 1848 నాటి ఒప్పందంతో అమెరికా చేతికి వచ్చింది. కాగితాల సంగతి అటుంచితే, ఊట్, షోషోని, గోషూట్, పైయూట్, నవాహో ప్రజలు తరతరాలుగా ఆ ప్రాంతంలో ఉన్నారు. రాష్ట్రానికి ఆ పేరు వచ్చిందే ఊట్‌ల నుంచి. చేపలు, వేట, గడ్డిగింజల కోసం వాళ్ళు ఏ వాగుల వెంట బతికారో, వలస వచ్చినవాళ్ళు ఊళ్ళు కట్టిందీ ఆ వాగుల వెంటే. గింజలిచ్చే గడ్డిని పశువులు మేసేస్తే ఆకలి మొదలవుతుంది, ఆకలి నుంచి పశువుల దొంగతనం, దాని నుంచి కాల్పులు. 1863 జనవరి 29న బేర్ నది ఒడ్డున, ఇప్పటి ఐడహోలో, కర్నల్ పాట్రిక్ కానర్ సైనికులు వందలమంది షోషోనిలను చంపారు. ఆ సైన్యం మార్మన్లది కాదు, ఫెడరల్ ప్రభుత్వానిదని కూడా చెప్పాలి. అలాగే 1857లో మౌంటెన్ మెడోస్ దగ్గర కాలిఫోర్నియాకు పోతున్న బాటసారులను సుమారు 120 మందిని చంపినవారిలో మార్మన్ మిలీషియా (స్థానికులతో కూడిన సాయుధ దళం) ముందుందన్నదీ చెప్పాలి. వ్యాసంలో ఈ రెండూ లేవు. మన జిల్లా చరిత్ర రాసేటప్పుడు కూడా చంద్రగిరి కోటకు పది పేజీలిచ్చి యానాదులకు పది వాక్యాలివ్వడం మనకు అలవాటే కాబట్టి, ఈ పొరపాటుకు మీ వ్యాసకర్తను ఒక్కరినే నిందించలేను.

1869 మే 10న ప్రోమంటరీ దగ్గర తూర్పు పడమర రైలు పట్టాలు కలిసిన ఘట్టాన్ని వ్యాసకర్త బాగానే రాశారు. కానీ దానికి పన్నెండు రోజుల ముందు ఒక్క పగటిలో పది మైళ్ళ పట్టా పరిచినప్పుడు, పట్టాలు మోసిన ఎనిమిది మంది ఐరిష్ కూలీల పేర్లు రికార్డుకెక్కాయి, వారితో పనిచేసిన చైనా కూలీల పేర్లు మాత్రం ఎక్కలేదు. రైలు వెంట గనులు, గనుల వెంట గ్రీకులు, ఇటాలియన్లు, స్లావులు, జపనీయులు వచ్చారు. 1900లో స్కోఫీల్డ్ బొగ్గుగనిలో కనీసం 200 మంది, 1924లో కాజిల్ గేట్‌లో 172 మంది చనిపోయారు. 1916లో ఆ రాష్ట్ర ప్రజలు సైమన్ బాంబర్గర్ అనే యూదుణ్ణి గవర్నరుగా ఎన్నుకున్నారు.

వీటన్నిటికంటే నా మనసుకు పట్టినది యోసెపా అనే ఊరి కథ. మార్మన్ మతంలో చేరి సాల్ట్ లేక్ సిటీకి వచ్చిన హవాయి ద్వీపవాసులకు నగరంలో ఆదరణ దొరకలేదు. 1889లో వారిని స్కల్ వ్యాలీ అనే ఎండు లోయకు పంపారు. కొబ్బరి తీరాల్లో పుట్టినవాళ్ళు మంచు కురిసే ఆ బీడులో వీధులు తీర్చి, చెట్లు నాటి, పంట పండించారు. హవాయిలో గుడి కట్టడం మొదలయ్యాక, 1917 నాటికి చాలామంది తిరిగి వెళ్ళిపోయారు. శ్మశానం మిగిలింది, ఏటా మే నెలాఖరున వాళ్ళ వారసులు అక్కడ కలుస్తుంటారు.

మరొక్క సవరణ. యూటా 1847లో రాష్ట్రమైందని వ్యాసంలో పడింది. 1850లో అది టెరిటరీ మాత్రమే అయింది. బహుభార్యాత్వంపై వివాదం రాష్ట్ర హోదాకు దశాబ్దాలు అడ్డుపడి, 1890లో చర్చి అధ్యక్షుడు విల్ఫర్డ్ వుడ్రఫ్ ఆ ఆచారాన్ని ఆపుతున్నట్టు ప్రకటించాక, 1896 జనవరి 4న రాష్ట్రంగా చేరింది. వచ్చే సంచికలో ఈ తేదీని సరిచేయగలరనీ, వీలైతే యోసెపాకు ఒక పేజీ కేటాయించగలరనీ కోరుతున్నాను.

ఇట్లు,
విశ్రాంత చరిత్రోపాధ్యాయుడు, తిరుపతి