తోక ఎలా ఊడిందంటే

ఒరేయ్ సూరీ,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది, జవాబు ఆలస్యమైంది, నాలుగు తిట్టుకో. ఇక్కడ అంతా బాగానే ఉన్నాం. అమ్మకు మోకాళ్ళ నొప్పి కాస్త తగ్గింది, చిన్నోడి పరీక్షలైపోయాయి, వాన జాడ లేదు. ఇక అసలు సంగతి చెప్పేస్తా, ఆగలేకపోతున్నా.

మనకు తోక ఎలా పోయిందో తెలిసిందిరా! నీ తోక కాదు, అది ఊడిన వైభవం ఆ దసరా రాత్రి ఊరంతా చూసింది. నేను చెప్పేది మనిషి తోక.

బో షియా అని అమెరికాలో పరిశోధన చేసే కుర్రాడు. 2019లో కారులో వెళ్తుంటే వెన్నెముక చివరి ఎముకకు దెబ్బ తగిలి, తగ్గడానికి ఏడాది పట్టిందట. మనమైతే జిందా తిలిస్మాత్ రాసుకుని పడుకునేవాళ్ళం. అతను మాత్రం అసలు అక్కడ తోక ఏమైందని తవ్వడం మొదలెట్టాడు. టీబీఎక్స్‌టీ అని ఒక జన్యువు ఉంది. అది చెడితే ఎలుకల తోక పొట్టిదవుతుందని 1927 నుంచీ తెలుసు. ఆ జన్యువులో మనకూ చింపాంజీలకూ గిబ్బన్లకూ ఉండి, తోకున్న కోతులకు లేని ముక్క ఒకటి అతని కంటబడింది. ఆలూ!

మెస్‌లో రోజూ పెట్టిన ఆలూ కాదులే. సుమారు 300 అక్షరాల డీఎన్ఏ ముక్క. తన నకలు తీయించుకుని ఇంకోచోట దూరడం తప్ప దానికి వేరే పని లేదు. అందుకు కావాల్సిన సరంజామా కూడా సొంతం కాదు, లైన్-1 అనే ఇంకో గెంతుడు ముక్క దగ్గర అరువు తెచ్చుకుని వాడుకుంటుంది. ఎవరు గుర్తొచ్చారు? పేరు రాయను, ఈ ఉత్తరం వాడూ చదువుతాడు. మన డీఎన్ఏలో ఆలూలే పది లక్షలకు పైగా ఉన్నాయి. ఇలాంటి గెంతుడు ముక్కలూ వాటి శిథిలాలూ అన్నీ కలిపితే దాదాపు సగం!

సుమారు రెండున్నర కోట్ల ఏళ్ళ కింద ఒక ఆలూ వచ్చి ఈ జన్యువులో పడింది. పడ్డదీ ప్రొటీన్ తయారీకి ముందు ఎలాగూ కత్తిరించి పారేసే భాగంలోనే, అందుకే ఎవరూ పట్టించుకోలేదు. కానీ కాస్త అవతల అంతకన్నా పాత ఆలూ ఒకటి ఎదురు దిక్కుకు తిరిగి ఉంది. ఆ జన్యువుకు నకలుగా ఆర్ఎన్ఏ తయారవగానే ఈ రెండూ ఒకదాన్నొకటి అతుక్కుంటాయి. చీర కుచ్చిళ్ళు పడితే మధ్య గుడ్డ మడతలోకి పోతుంది చూడు, అలా నడుమనున్న ఆరో ఎక్సాన్, అంటే పారేయకుండా ప్రొటీన్ కోసం ఉంచుకోవాల్సిన ముక్క, లోపలికి పోతుంది. దాన్ని వదిలేసి ప్రొటీన్ పొట్టిగా తయారవుతుంది. అలాగని పూర్తి ప్రొటీన్ ఆగిపోదు, రెండు రకాలూ వస్తాయి. ఎలుకల్లోనూ రెండూ వచ్చేలా చేసి చూశారు. కొన్నిటికి తోక పొట్టిదైంది, కొన్నిటికి అసలే లేదు! 2024లో నేచర్ పత్రికలో వచ్చింది.

కానీ కొన్ని ఎలుక పిల్లలకు వెన్ను సరిగా మూసుకోలేదట, కొందరు పసిపిల్లలకు పుట్టుకతో వస్తుందే, అలాంటిదే. అక్కడ మాత్రం చదవలేకపోయానురా. మా వీధిలో ఆ పాప... సరే, అది కలిసినప్పుడు.

నిటారుగా నడవడానికే తోక పోయిందంటే నాకెక్కదు. గిబ్బన్‌కూ తోక లేదు, అది చెట్లకు వేలాడుతూనే బతుకుతోంది కదా! అలాగని పది లక్షల ఆలూలకూ ఏదో ఘనకార్యం అంటగట్టకు, చాలావరకు ఊరికే పడున్నవే.

అన్నట్టు ఈ గెంతుడు ముక్కల్ని మొదట పట్టుకుంది బార్బరా మెక్లింటాక్, 1940ల్లో, మొక్కజొన్న గింజల మీది మచ్చలు చూసి. నోబెల్ వచ్చేసరికి 1983, ఆవిడకు 81 ఏళ్ళు. ఆ మధ్య కాలమంతా ఆవిడ... అయ్యో, పోస్టు తీసే టైమైంది, చిన్నోడు గుమ్మంలో సైకిల్ బెల్లు కొట్టేస్తున్నాడు. వదినను అడిగానని చెప్పు.

నీ
రాంబాబు